సొద డాక్టరూ, ఎనిమిదో ఆల్బమూ

పళ్ల డాక్టరుగారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎదుటివాడి నోట్లో దూదీ, అద్దమూ, ఉమ్మి లాగే గొట్టమూ, తన రెండు వేళ్లూ కుక్కిన తర్వాత గానీ ఆయన ఎవరినీ అభిప్రాయం అడగడు. పోనీ అడిగేది పంటి గురించా అంటే అదీ కాదు. ఏటిగట్టు అనే పాటల బృందం వాళ్ల ఆల్బమ్‌ల గురించి.

ఆ ఊళ్లో పుట్టిన ప్రతివాడికీ చిన్నప్పుడే రెండు వస్తాయి. పాలపళ్లు ఒకటి, ఏటిగట్టు మీద అభిప్రాయం ఒకటి. పాలపళ్లు ఊడిపోతాయి. అభిప్రాయం ఊడదు. నలభై ఏళ్ల కిందట ఆ ఊరివాళ్లే అయిదుగురు కలిసి పొలం పాటల్నీ పడవ పాటల్నీ పట్టుకొచ్చి, వాటికి కరెంటు గిటార్లూ డ్రమ్ములూ తగిలించి, దేశాన్ని ఓ ఊపు ఊపేశారు. మొదటి ఆరు ఆల్బమ్‌ల మీద ఎవరికీ తగాదా లేదు. వాటికి వంక పెట్టినవాడి కళ్లు పోతాయి. గొడవంతా ఏడోదాని దగ్గర మొదలైంది. అందులో డోలు తీసేసి మిషను తాళం పెట్టారు. ఎనిమిదోదాంట్లో పాట కంటే వాన చప్పుడు ఎక్కువ. తొమ్మిదోదాంట్లో పిల్లల చేత పాడించారు. పద్నాలుగోది వచ్చేసరికి గాయకుడికి మోకాళ్ల నొప్పులు, వినేవాళ్లకి చెవుల నొప్పులు అని ఒక వర్గం. కాదు, వయసుతోపాటు పాట కూడా పండిందని ఇంకో వర్గం. వియ్యంకులు మాటలు మానేసిన సందర్భాలున్నాయి.

ఈ గోలంతా పదహారేళ్లుగా డాక్టరు పక్కన నిలబడి, గొట్టం పట్టుకుని వింటున్నది ఆయన మరదలు, అంటే భార్యకు స్వయానా చెల్లెలు. రోగుల ముందు ఆయన్ని "డాక్టరుగారూ" అంటుంది. ఒళ్లు మండితే "బావా" అంటుంది. మధ్యాహ్నం దాకా "డాక్టరుగారూ" నిలిచిన రోజు ఇంతవరకూ లేదు.

"ఇప్పుడు చెప్పండి," అంటాడాయన, పోస్టాఫీసు గుమాస్తా దవడను గుహలా తెరిచిపెట్టి. "తొమ్మిదో ఆల్బంలో ఆ పిల్లల కోరస్సు అద్భుతం కదూ?"

"ఆఁ... హా... ఊహూఁ!"

"విన్నావా అమ్మాయ్, అద్భుతమే అంటున్నారు."

"ఊహూఁ అంటే కాదని, డాక్టరుగారూ."

"నోరు మూసుకుని అంటే కాదని. నోరు తెరిచి అంటే అవునని. దంతశాస్త్రం చదివితే నీకూ తెలిసేది."

గుమాస్తా కాళ్లు గాల్లో సైకిలు తొక్కేవి. ఆ తొక్కుడు ఆగేలోపు పని అయిపోయేది. నోరు కడుక్కుని, పుక్కిలించి, సమాధానం చెబుదామని తల ఎత్తేసరికి డాక్టరు తర్వాతి మనిషిని పిలిచేసేవాడు.

జనం మాత్రం ఊరుకుంటారా? లెక్కల మాస్టారు నాలుగు పేజీల జవాబు రాసుకొచ్చి, నోరు తెరిచి పడుకుని, కాగితాన్ని రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నారు. డాక్టరు దీపం దానివైపు తిప్పి, "దస్తూరీ ముత్యాల్లా ఉంది. మూడో వాక్యం తప్పు. ఇంకాస్త వెడల్పుగా తెరవండి," అన్నాడు. దర్జీ అయితే పంటి నొప్పి లేకుండానే వచ్చాడు, తేల్చుకుందామని. డాక్టరు తలెత్తి చూడలేదు. "నోరు ఖాళీగా ఉన్నవాళ్లతో నేను సంగీతం మాట్లాడను," అన్నాడు. దర్జీకి రోషం వచ్చి, "ఇదిగో, మాట్లాడు!" అని కుర్చీలో పడుకుని నోరు తెరిచాడు. రెండు పుచ్చుపళ్లు బయటపడ్డాయి.

అందుకే ఊరు ఆయనకి సొద డాక్టరని పేరు పెట్టింది. ఏటిగట్టు అభిమాన సంఘం ఇరవై ఏళ్ల కిందటే ఆయన సభ్యత్వం రద్దు చేసింది. "బృందాన్ని అవమానించే మనిషి" అని తీర్మానంలో రాశారట. ఏటా బృందం వచ్చి పాడే రోజున ఆయనకి లోపల కుర్చీ ఉండదు. హాలు బయట, సైకిళ్లు పెట్టేచోట నిలబడి వింటాడు.

ఒకరోజు పొద్దున రిటైరైన లైబ్రేరియన్ కుర్చీలో ఉన్నాడు. ఆయన తొమ్మిదో ఆల్బమంటే ప్రాణమిచ్చే మనిషి. డాక్టరు సూది ఎత్తుతూ, "తొమ్మిదోదీ ఒక ఆల్బమేనా అండీ? పిల్లల్ని బడికి పంపాల్సింది పోయి మైకు ముందు నిలబెట్టారు," అన్నాడు. లైబ్రేరియన్ కళ్లలోంచి నిప్పులు రాలాయి. మరదలు చేతిలో గొట్టం ఆగిపోయింది. నిన్ననే గుమాస్తా ముందు అదే కోరస్సుని ఆకాశానికెత్తిన నోరు కదా ఇది!

టీ తాగేటప్పుడు నిలదీసింది. "బావా, నిన్న అద్భుతం, ఇవాళ చెత్తా? నరం లేని నాలుకంటే ఇదే."

"నాలుకకి నరాలు బోలెడున్నాయి. బొమ్మ చూపించమంటావా?"

"మాట మార్చకు. నీకు నిలకడ లేదు."

"నిలకడ చేతికుంటే చాలు, అమ్మాయ్," అని ఆయన కప్పు కడుక్కుని లేచిపోయాడు.

ఆ వారంలోనే బస్సు డ్రైవరు వచ్చాడు. వచ్చాడనడం తప్పు, భార్య లాక్కొచ్చింది. ఆరడుగుల మనిషి, అభిమాన సంఘానికి అధ్యక్షుడు. కొండదారిలో బ్రేకు పట్టకపోయినా చెమట పట్టని గుండె. కానీ చిన్నప్పుడెప్పుడో నలుగురు కాళ్లూ చేతులూ అదిమిపట్టి పన్ను పీకించారట. అప్పట్నుంచి పళ్ల డాక్టరు బోర్డు కనబడితే వీధి మార్చేసేవాడు. కుడి దవడ కింద నిమ్మకాయంత వాపు నారింజంత అయింది. మందులకి తగ్గినట్టే తగ్గి మళ్లీ పొంగింది. పదిరోజులుగా గంజి తప్ప దిగడం లేదు. వాపు మెడలోకి జారుతోందని, ఈ రోజు పన్ను తీయకపోతే రేపు ఊపిరికే అడ్డం పడొచ్చని ఆస్పత్రి డాక్టరు చెప్పి పంపాడు.

డ్రైవరు కూర్చున్నాడు. పళ్లెంలో పట్టుకారు చూశాడు. "బస్సు లైట్లు ఆర్పానో లేదో," అని లేచిపోయాడు. భార్య తిరిగి లాక్కొచ్చింది. "టైర్లో గాలి..." అని మళ్లీ లేచాడు. మూడోసారి ఆవిడ తలుపుకి అడ్డంగా నిలబడింది. అతను కుర్చీలో బిగుసుకుపోయాడు. నోరు మాత్రం తెరవలేదు. పళ్లు కరిచిపట్టి తల అడ్డంగా ఊపుతున్నాడు. చెక్కిళ్ల మీదుగా నీళ్లు కారుతున్నాయి.

డాక్టరు ఆవిడ్ని పక్కకి పిలిచాడు. "ఒక్క మాటమ్మా. మీ ఆయనకి ఏటిగట్టు ఆల్బమ్‌లలో, మొదటి ఆరూ కాక, ఏదిష్టం?"

ఆవిడ భగ్గుమంది. "మనిషి ప్రాణం మీదికొస్తే పాటల గోలేంటండీ!"

"మందు మోతాదు దాన్నిబట్టే వెయ్యాలమ్మా. చెప్పండి."

"ఎనిమిదోది," అంది ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ. "సంఘంలో ఒక్కడికీ నచ్చదు. ఈయనకి మాత్రం అదే లోకం. మా మామగారు చనిపోయిన ఏడాది ఈయన ఖాళీ బస్సులో కూర్చుని అదే వినేవాడు. ఆ వాన చప్పుడే నన్ను నిలబెట్టిందంటాడు."

డాక్టరు చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. ఎప్పుడూ అరనిమిషంలో ముగించేవాడు, ఆ రోజు నీళ్ల కింద చేతులు పెట్టి అలాగే చాలాసేపు నిలబడ్డాడు. మరదలు అది గమనించింది. తర్వాత ఆయన వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"అధ్యక్షులవారూ, ఎనిమిదో ఆల్బమంటే మీకిష్టమట. మా పెరట్లో పంపు కారితే అచ్చం అదే చప్పుడండీ. మేం ప్లంబర్ని పిలిచాం. వీళ్లకేమో అవార్డిచ్చారు."

డ్రైవరు తల ఊపడం ఆగింది. పళ్లు విడివడ్డాయి. "ఏమన్నావ్?"

"పంపన్నాను."

"నువ్వసలు మనిషివేనా? నాలుగో పాట విన్నావా? వాన ఆగిపోయి ఒక్క వేణువు మిగులుతుంది చూడు—"

"ఆగుతుందా? నేను అప్పటికే గుర్రు పెట్టాను."

డ్రైవరు నోరు బార్లా తెరిచి అరిచాడు. సూది లోపలికి వెళ్లింది, బయటికి వచ్చింది. అతనికి పట్టలేదు. మొద్దుబారేదాకా డాక్టరు పంపు గురించీ, వాషరు గురించీ, నీళ్ల వృథా గురించీ చెబుతూనే ఉన్నాడు. డ్రైవరు నాలుక తిమ్మిరెక్కుతున్నా తగ్గలేదు. "నీ లాంతి వాల్లని... థంఘంలోంచి గెంతేథి... మంచి పని చేథాం!"

"ఇప్పుడు నిదానంగా చెప్పండి," అని డాక్టరు పట్టుకారు లోపల పెట్టాడు. "పంపా, కాదా?"

"ఆఁ! ఆఁ! ఊఁ!"

"పంపే అంటున్నారు."

టక్కుమంది. పళ్లెంలో పన్ను గలగలలాడింది. డ్రైవరు దూది కొరికి పట్టుకుని, వేలు ఆడిస్తూనే గుమ్మం దాటాడు. మెట్ల దాకా వెళ్లి, మరిచిపోయిన మాట ఒకటుందని వెనక్కొచ్చి, "మ్మ్! మ్మ్మ్!" అని చెప్పి మరీ వెళ్లాడు. అతని భార్య పళ్లెం వైపు చూసింది, డాక్టరు వైపు చూసింది. ఆయన చెయ్యి పట్టుకుని ఒకసారి గట్టిగా నొక్కి, మొగుడి వెనకాల పరిగెత్తింది.

మరదలు తలుపు వేసింది. "బావా, కావాలనే చేశావు."

"ఏం చేశాను?"

"ఎవరికి ఏది ప్రాణమో కనుక్కుని దాన్నే తిడతావు. ఎవరికి ఏది మంటో దాన్నే పొగుడుతావు. పదహారేళ్లు నా కళ్లుగప్పావు."

డాక్టరు చేతొడుగులు విప్పాడు. "మనిషి తలకాయలో కుర్చీ ఒక్కటే ఉంటుంది, మరదలా. భయం కూర్చుంటే నా చెయ్యి ఎంత తేలికైనా నొప్పే. కోపమొచ్చి కూర్చుందనుకో, భయం లేచి పోవాల్సిందే."

"మరి ఊరంతా నిన్ను తిట్టిపోస్తోందిగా. సంఘంలోంచి కూడా తీసేశారు."

"తిట్టడానికైనా మళ్లీ వస్తున్నారు కదా! పళ్ల డాక్టర్ని మెచ్చుకోవడానికి రెండోసారి వచ్చినవాణ్ణి ఎక్కడైనా చూశావా?"

ఆమె పళ్లెం తీసింది. సామాన్లు వేడినీళ్లలో వేసింది.

మూడు నెలలు తిరిగేసరికి మరదలికే జ్ఞానదంతం అడ్డం తిరిగింది. పదహారేళ్లు సూదులు అందించిన చెయ్యి, తన వంతు వచ్చేసరికి కుర్చీ పిడిని పట్టుకుని వదల్లేదు. అయినా బింకంగా, "బావా, ముందే చెబుతున్నా. నా దగ్గర నీ పప్పులుడకవు. ఏటిగట్టు మీద నాకు అభిప్రాయమే లేదు. ఉన్నదంతా నువ్వే అరగదీశావు," అంది.

డాక్టరు తల గోక్కున్నాడు. పంపు పనికిరాదు, కోరస్సు పనికిరాదు. ఆయన స్టూలు దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు.

"నీ దగ్గర దాపరికమెందుకులే. ఏడోదాని నుంచి నేనొక్క ఆల్బమూ వినలేదు."

ఆమె నోరు దానంతటదే తెరుచుకుంది. "ఒక్కటీనా?"

"ఒక్క పాట కూడా. గుమాస్తా చెప్పింది లైబ్రేరియన్‌కి చెబుతాను, లైబ్రేరియన్ చెప్పింది గుమాస్తాకి. ఆ నాలుగో పాటలో వేణువుందని డ్రైవరు చెబితేనే తెలిసింది."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. పదహారేళ్లు! ఆ కోరస్సు గురించీ, ఆ మిషను తాళం గురించీ, గొట్టం పట్టుకుని, చెయ్యి పీక్కుపోతున్నా, వినని మనిషి మాటలు విన్నానా? "ఆఁ! ఊఁ! ఆఁ!" అని ఆమె కడిగేస్తూండగానే, సూది ఎప్పుడు పడిందో, తిమ్మిరి ఎప్పుడెక్కిందో, ఆయన పళ్లెం ముందుకు జరిపి, "ఇదిగో నీ జ్ఞానం," అన్నాడు.

దూది కొరుక్కుని తిన్నగా అక్క దగ్గరికి వెళ్లింది. అక్క బట్టలు మడతపెడుతోంది.

"అక్కా, మీ ఆయన ఎంత మోథగాదో తెలుథా? ఏదోదాని నుంచి ఒక్క ఆల్బం విన్లేదంత!"

అక్క మడత ఆపేసి పకపకా నవ్వింది. "ఎవరూ, మీ బావా? ఎనిమిదోది పెట్టుకోకుండా ఆ మనిషి గడ్డం గీసుకున్న రోజుందా? నాలుగో పాటలో వాన ఆగుతుంది చూడు, అక్కడ కత్తి పక్కన పెట్టేసి సగం నురగతో అలా నిలబడిపోతాడు. నేను తలుపు బాదితే గానీ కదలడు. తొమ్మిదీ, పదీ, పద్నాలుగు దాకా అన్నీ బీరువాలో ఉన్నాయి. ఏ ఒక్కటీ బాగాలేదని ఇంట్లో ఇంతవరకూ అనలేదే!"

మరదలికి నవ్వొచ్చింది. సగం మొహం మొద్దుబారి ఉండడంతో మిగతా సగంతోనే నవ్వింది.

మర్నాడు డ్రైవరు వచ్చాడు. వాపు ఎప్పుడో దిగిపోయి, బుగ్గ మామూలైంది. చంకలో ఒక స్పీకరు పెట్టె ఉంది. "ఇవాళ ఆయన చెవిలో నాలుగో పాట పోసి గానీ వెళ్లను," అన్నాడు. ఊరు ఊరంతటిలో ఎనిమిదో ఆల్బం పక్షాన ఉన్నది ఇద్దరే. అందులో ఒకడు రెండోవాణ్ణి సంఘం బయటే ఉంచుతున్నాడు. ఆ మాట మరదలి నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పేద్దామనుకుంటూనే అతని కార్డు చేతిలోకి తీసుకుంది. చూస్తే, ఎడమవైపు తీయాల్సిన పళ్లు ఇంకా రెండున్నాయి.

ఆ రెండూ అయ్యాక చెబుదాంలే అనుకుంది.

"ముందు పడుకోండి, అధ్యక్షులవారూ," అంది గొట్టం అందుకుంటూ. "డాక్టరుగారికి ఎనిమిదోది ఇంకా నచ్చలేదట."