ఆపే ముందు అడగమన్న మేడం గారు

మా మేడం గారు పోయారని ఆదివారం పొద్దున్న కాలేజీ పాత ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో చూశాను. ‘ప్రభువునందు నిద్రించారు’ అని ఆవిడ చెల్లెలు పెట్టిన మెసేజ్. ఇడ్లీపిండి అంటిన చేత్తోనే ఫోన్ పట్టుకుని, అది ఆవిడ గురించేనా, అదే ఇంటిపేరున్న ఇంకెవరి గురించా అని మళ్లీ మళ్లీ చదివాను. ఏ విషయాన్నీ ఒక్కసారికి నమ్మలేని మనిషిని నేను. ఇంట్లో వాళ్లు విసుక్కునే ఆ గుణాన్ని తప్పుపట్టకుండా పనిలో పెట్టిన మనిషి ఆవిడ ఒక్కరే.

రావులపాలెం అవతల హైవే పక్కనున్న ఇంజనీరింగ్ కాలేజీలో ఆవిడ కంప్యూటర్ సెంటర్ హెడ్. నేను ఎంసీఏ చదివి, పిల్లలు కాస్త ఎదిగేదాకా ఇంట్లో ఉండిపోయి, ఆ తర్వాత ఆవిడ దగ్గర చేరాను. ఆవిడ రోజూ రాజమండ్రి నుంచి బస్సులో వచ్చేవారు. మే నెల ఎండల్లో కూడా ఒళ్లో ఉన్ని స్వెట్టర్ ఉండేది. “ఊటీకా అండి?” అనేవాడు కండక్టరు. “అవునండి, సాయంత్రానికి వచ్చేస్తాను” అనేవారు ఆవిడ, టికెట్ పర్సులో పెట్టుకుంటూ. సర్వర్ గదిలో చలి అలా ఉండేది మరి.

పని చేస్తూ సన్నగా పాడుకునేవారు. అది ఏ పాటో ఎవరికీ తెలిసేది కాదు. చర్చి కోయిర్‌లో ఆవిడది అసలు పాటకి తోడుగా నడిచే కింది స్వరం. అసలు వరస పాడేవాళ్లు వేరే. ఆవిడ అలవాటుకొద్దీ తన స్వరమే పాడుకునేవారు. నాకు మాత్రం అవే అసలు పాటలు అనిపించేవి. మొన్న సమాధి తోటలో కోయిర్ వాళ్లు పాడుతుంటే, ఆ పాట కింద నాకు బాగా తెలిసిన వరస ఒకటి దొరికింది. ఇన్నేళ్లూ విన్నది ఇదా అనుకున్నాను. ఆ స్వరం పాడేవాళ్లు ఆ రోజు ఒకరు తక్కువున్నారు.

మా పని గురించి కాస్త చెప్పాలి. కాలేజీ మొత్తానికి అప్పుడు ఒకటే పెద్ద సర్వర్. పిల్లల ప్రోగ్రాములన్నీ దాని మీదే నడిచేవి. ఏదో ఒక ప్రోగ్రాం ఎక్కడో చిక్కుకుపోయి, ఆగడం మర్చిపోయి, తిరిగిందే తిరుగుతూ ఉండేది. రాసినవాడు ల్యాబ్ వదిలి ఎప్పుడో ఇంటికి పోయి ఉంటాడు. అతని ప్రోగ్రాం మాత్రం సర్వర్ సత్తువంతా లాగేస్తుంటే మిగతావాళ్ల తెరలు బిగుసుకుపోయేవి. మేడం గారు నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా తెరిచి, అది ఎవరిదో చూసి, హాస్టల్‌కి ఫోన్ చేయించి, అడిగి, అప్పుడు ఆపేవారు. కాలేజీలో పిల్లల సంఖ్య పెరిగింది, చేయాల్సిన ఫోన్లూ పెరిగాయి. అలాంటివాటిని తనంతట తానే కనిపెట్టి ఆపే చిన్న ప్రోగ్రాం, అదే స్క్రిప్ట్, ఒకటి రాయమని నాకు చెప్పారు.

రాయడం తొందరగానే అయిపోయింది. నడపడానికే చెయ్యి రాలేదు.

“ఏంటమ్మా, రాశావు గానీ పెట్టవేంటి?”

“మంచిదాన్ని ఆపేస్తుందేమోనండి.”

“ఎలా ఆపేస్తుంది? చెప్పు.”

చెప్పాను. కాసేపు ఎక్కువ వాడి తర్వాత మామూలైపోయేది ఉంటుంది. చూడ్డానికి బరువుగా ఉన్నా నిజంగా పని చేస్తున్నది ఉంటుంది. ఫలితాల ఫైలు పెరుగుతూ ఉంటే అది చిక్కుకున్నట్టు కాదు కదా. మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే అడగొచ్చు కదా. ఆపినా, రాసుకున్నది దాచుకునే వ్యవధి ఇవ్వొద్దా?

ఆవిడ స్వెట్టర్ చేతులు పైకి లాక్కుని, “ఇవన్నీ అందులో రాయి” అన్నారు.

“అవి నా భయాలండి.”

“భయాలు నీ దగ్గరుంటే భయాలు. అందులో రాస్తే షరతులు. ఇన్ని అనుమానాలు రావడానికి నాకు ఇంకో నలుగురు కావాలి. నువ్వొక్కదానివే ఉన్నావు, నాకేం తక్కువ?”

వెక్కిరిస్తున్నారేమో అని ఆవిడ మొహం చూశాను. లేదు. అప్పటికే మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీసి, గోంగూర పచ్చడి నా వైపు జరుపుతున్నారు. “బాగా తింటున్నాడని ఎవరినైనా పంక్తిలోంచి లేపేస్తామా? ఆకు ముందు కూర్చుని నిద్రపోతున్నవాణ్ణి తట్టి లేపుతాం. రెండూ ఒకటి కాదు కదా” అన్నారు. ఆ తేడా నాకు ఏ పాఠంలోనూ అంత తేటగా అర్థం కాలేదు.

ఆపే ముందు ప్రోగ్రాం రాసిన మనిషికి మెయిల్ వెళ్లాలన్నది ఆవిడ పట్టు. నేను ఇంగ్లీషులో రెండు ముక్కలు రాశాను. ఆవిడ కొట్టేసి తెలుగులో రాయించారు. ‘మీ ప్రోగ్రాం చాలాసేపటి నుంచి సర్వర్‌ని ఎక్కువగా వాడుతోందండి. కావాలంటే చెప్పండి. లేకపోతే దయచేసి ఆపుకోండి.’ స్టాఫ్ రూంలో అందరూ నవ్వారు. సర్వర్ అండీ అనడమేంటన్నారు. “మనం అనమా? మన సర్వరే కదా” అన్నారు ఆవిడ.

దాంతో ఎవరూ అనుకోనిది జరిగింది. అంత మర్యాదగా రాసింది మనిషే అనుకున్నారు పిల్లలు. జవాబులు రాయడం మొదలుపెట్టారు. ‘సారీ అండి, ఇప్పుడే ఆపేస్తాను’, ‘ఇంకొక్క గంట అండి, ప్లీజ్’. ఒకమ్మాయి అయితే తలుపు దగ్గర నిలబడి, “మెయిల్ పంపిన పెద్దావిడ ఉన్నారాండి? చెప్పి వెళ్దామని” అంది. నేను నవ్వాపుకుంటుంటే మేడం గారు, “చెబుతాంలేమ్మా, ఆవిడేమీ అనుకోరు” అని పంపించేశారు. తలుపు మూసుకున్నాక నా వైపు తిరిగారు. “జవాబు రాస్తే స్క్రిప్ట్ ఆగేలా చెయ్యి. అడిగి, చెప్పింది వినకపోతే అడగడం దేనికి?”

అలా స్క్రిప్ట్‌లో ఇంకో షరతు చేరింది. జవాబిచ్చినవాళ్ల ప్రోగ్రాంని మేం చూసి చెప్పేదాకా అది ముట్టుకోదు.

ఆ షరతు మా మెడకు చుట్టుకున్న మధ్యాహ్నం ఒకటుంది. ఇంటర్నల్ పరీక్షలు మొదటిసారి ఆన్‌లైన్‌లో పెట్టారు. అన్ని ల్యాబుల్లోనూ పిల్లలు కూర్చున్నారు. కాసేపటికే ప్రశ్నలు తెరుచుకోవడం మానేశాయి. జాబితాలో అందరికన్నా పైన ఒకే ప్రోగ్రాం ఉంది, ఉప్పాడ నుంచి వచ్చిన రీసెర్చ్ అమ్మాయిది. ఏళ్ల తరబడి తీసిన ఉపగ్రహ చిత్రాలు పెట్టుకుని, సముద్రం కోసేస్తున్న ఉప్పాడ తీరం ఏటా ఎంతెంత లోపలికి జరిగిందో లెక్కకడుతోంది. వారాలుగా నడుస్తోంది. థీసిస్ గడువు దగ్గర పడింది. స్క్రిప్ట్ మెయిల్‌కి ఆ అమ్మాయి జవాబు కూడా ఉంది: ‘దయచేసి ఆపకండి మేడం. మధ్యలో సేవ్ అయ్యేలా రాసుకోలేదు. ఆగితే మొత్తం పోతుంది.’

ప్రిన్సిపాల్ గారు స్వయంగా సర్వర్ గదికి వచ్చేశారు.

“ఆపెయ్యండి మేడం గారూ. ఒక్కళ్ల కోసం కాలేజీ అంతా కూర్చోవాలా?”

“ఒక్క పావుగంట ఇవ్వండి సార్.”

“పిల్లలు ల్యాబుల్లో కేకలు పెడుతున్నారండి. ఏంటి ఇచ్చేది?”

ఆ అమ్మాయి కూడా పరుగున వచ్చింది. తెగిన చెప్పు చేతిలోనే ఉంది. గోడకి ఆనుకుని, నా వేళ్ల వంకే చూస్తూ నిలబడింది. నేను ఒక్క ఆదేశం ఇస్తే ఆమె పనంతా పోయినట్టే.

మేడం గారు నాతో, “ఏమ్మా, నీకేమనిపిస్తోంది?” అన్నారు. ప్రిన్సిపాల్ గారి ఎదురుగా, నన్ను.

నాకనిపించింది చెప్పడానికే సిగ్గేసింది. “ఇది నిన్నా ఇలాగే నడిచింది కదండి. మొన్నా నడిచింది. అప్పుడు లేని ఇబ్బంది ఇవాళెందుకొచ్చిందా అని.”

“అదీ” అన్నారు ఆవిడ, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. “పైనున్నదాన్ని వదిలెయ్. కింద చూడు.”

కిందికి జరిపాను. జాబితా తరగడం లేదు. అన్నీ చిన్న చిన్న పనులు, మేం ప్రాసెస్‌లు అనేవి, అన్నిటికీ ఒకటే పేరు. పరీక్ష ప్రోగ్రాంవే. పేజీ రాలేదని పిల్లాడు మళ్లీ నొక్కిన ప్రతిసారీ కొత్తది పుడుతోంది, పాతది పోవడం లేదు. ఒక్కోటీ ఎంత చిన్నదంటే నా స్క్రిప్ట్ పెట్టుకున్న హద్దు దాకా రాదు. అన్నీ కలిసి సర్వర్‌ని మింగేస్తున్నాయి. విడివిడిగా బరువు చూడడమే గానీ, ఒకే పేరువి ఎన్నున్నాయో లెక్క చూడాలన్న అనుమానం మాత్రం నాకు రాలేదు.

“వీటిలో పాతవాటికి ఎదురుగా మనిషి లేడు. జవాబు రాసేవాళ్లూ లేరు. వాటిని ఆపు” అన్నారు మేడం గారు. “ఆ అమ్మాయిదాన్ని కాస్త వెనక్కి జరుపు. పరీక్ష పనయ్యాక మిగిలింది తీసుకుంటుంది. నెమ్మదిగా నడిచినా పర్లేదు కదమ్మా?”

ఆ అమ్మాయి తలూపింది.

వదిలేసిన వాటిని వరుసగా ఆపుకుంటూ వచ్చాను. పక్క ల్యాబ్‌లో గోల సద్దుమణిగింది. ప్రిన్సిపాల్ గారు తలుపు తీసి చెవి పెట్టి విన్నారు. “ఆ ముక్క ముందే చూడొచ్చు కదండి” అని వెళ్లిపోయారు. “పరీక్ష ప్రోగ్రాం ముందే చూడ్డానికి మనకి ఇవ్వరు కదా” అన్నారు మేడం గారు, ఆయన వెళ్లాకే. అప్పుడు ఆ అమ్మాయి చెప్పు చూసి, సొరుగులోంచి పిన్నీసు తీసి ఇచ్చారు.

ఇప్పుడా సర్వర్ లేదు, కొత్తది వచ్చింది. నా స్క్రిప్ట్ కూడా చాలా మారింది. నాకిప్పటికీ ప్రతి షరతు దగ్గరా అనుమానమే. కానీ దాన్ని దాచుకోవాల్సిన లోపంలా చూడడం మానేశాను. ఆవిడకు రుణపడి ఉన్నది దానికే. ఈ మాట ఆవిడతో అన్నానా అంటే, సరిగ్గా అన్నట్టు లేదు. రిటైరైన రోజున ఏదో చెప్పబోతే, “బస్సు వెళ్లిపోతుందమ్మాయ్” అన్నారు.

ఆ ఉప్పాడ అమ్మాయి లెక్క ఆనాటి పరీక్షలన్నీ అయిపోయాక పూర్తయింది. తనొక్కతే చూడడానికి భయమేసిందో ఏమో, మా గదికి వచ్చి అక్కడే తెరిచింది. తెర మీద తీరం గీతలుగా వచ్చింది. ఒక్కో ఏడాదికి ఒక్కో రంగు, ఒకదాని వెనక ఒకటి ఊళ్లోకి జరుగుతూ. మేం ముగ్గురం నిలబడి చూస్తున్నాం.

“మీ ఇల్లు ఎక్కడమ్మా?” అని అడిగారు మేడం గారు.

ఆ అమ్మాయి గీతలన్నీ దాటించి, నీలంగా ఉన్నచోట వేలు పెట్టింది. మేడం గారు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని, ఇంకో చేతి వేలు ఆ అమ్మాయి వేలు పక్కనే ఆ నీళ్ల మీద ఆనించి, చాలాసేపు అలాగే ఉంచారు.