ప్రార్థన మధ్యలో ఆగిన వాక్యం

"ఈ వార్డులో ఉన్న వాళ్ళందరినీ నీ చేతుల్లో పెడుతున్నాం" అనవలసిన చోట నా గొంతు ఆగిపోయింది. కళ్ళు తెరిచాను. నాలుగో మంచం మీది బాలింత అత్త పోలమ్మ, మంచం పక్కన నిలబడి చేతులు జోడించుకునే ఉంది గాని, పాదాలు మాత్రం మెల్లగా వెనక్కి జరుగుతున్నాయి. ఆమె ముందు నేల మీద అరచేయంత ఎర్రటి మడుగు. ఆగస్టు నెల, మంగళవారం, మధ్యాహ్నం రెండు దాటి నాలుగైదు నిమిషాలైంది.

అప్పటికి నేను విజయనగరానికి దగ్గరలో ఉన్న ఒక మిషన్ ఆసుపత్రిలో, ప్రసూతి వార్డు స్టాఫ్ నర్సుగా ఆరో ఏడు పనిచేస్తున్నాను. ఆ నెల ఉదయం డ్యూటీకి ఇన్‌ఛార్జిని. మూడో కాన్పు తర్వాత ఉద్యోగం మానేశాను కాబట్టి, వయసు చిన్నదే అయినా నాది ముగిసిన సర్వీసే. నర్సింగ్ చదివే అమ్మాయిలు ఆ రోజు గురించి అడుగుతుంటారు. పిల్లలు పడుకున్నాక కాస్త కాస్త రాసి పెడుతున్నాను.

డ్యూటీ మారేటప్పుడు చేసే అప్పగింతను హ్యాండోవర్ అంటాం. దిగిపోయే నర్సు, వచ్చిన నర్సుతో కలిసి ప్రతి మంచం దగ్గరా ఆగాలి. కాన్పు ఎప్పుడైంది, రక్తం ఎంత పోతోంది, బీపీ ఎంత, బిడ్డ పాలు పట్టిందా, అన్నీ చూపించి చెప్పాలి. మా ఆసుపత్రిలో దానికి ముందు ఇంకొకటి ఉండేది. దిగిపోయే ఇన్‌ఛార్జి వార్డు మధ్యలో నిలబడి అందరి కోసం పైకి ప్రార్థన చెయ్యాలి. నర్సులూ ఆయాలూ కళ్ళు మూసుకుంటారు. ఆసుపత్రి ఎంత పాతదో ఆ ఆనవాయితీ అంత పాతది. రెండు నిమిషాలతో మొదలైంది, నేను చేరేనాటికి ఏడెనిమిది నిమిషాలైంది. పొడుగ్గా చేసేవాళ్ళకి మంచి పేరు. నాకూ ఆ పేరుండేది.

పేరుకు తగ్గట్టు లోపల ఏమీ లేదు. ఏప్రిల్‌లో నెలలు నిండకుండా పుట్టిన ఒక ఆడబిడ్డ మూడు రోజులు మా దగ్గరుంది. ఆ మూడు రోజులూ నేను ఉపవాసముండి ప్రార్థన చేశాను. బిడ్డ పోయింది. తండ్రి నన్ను ఒకే మాట అడిగాడు. "మేం సేసిన తప్పేటి సిస్టరమ్మా?" ఆ ఆదివారం చర్చిలో ఒకావిడ లేచి, కోరుకున్న ఊరికి బదిలీ అయిందని సాక్ష్యం చెప్పింది. సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలును సంఘం ముందు నిలబడి చెప్పడం. అందరూ స్తోత్రమన్నారు. నేను అనలేదు. ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. రోజూ ఇద్దరు పిల్లల్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి ప్రార్థన నేర్పే తల్లిని. నాలోని ఖాళీ వాళ్ళకి అంటుకుంటుందేమోనని భయం. అందుకే వార్డులో గొంతు ఇంకా పెంచేదాన్ని.

నూకరత్నం పోలమ్మ కోడలు. సముద్రం ఒడ్డు పల్లె నుంచి వచ్చారు. ఉదయం పదకొండున్నరకి రెండో కాన్పు, మగపిల్లాడు. ఒంటిగంటన్నరకి చూసినప్పుడు అంతా సవ్యంగానే ఉంది.

పరుగున వెళ్ళి ముందు నూకరత్నం పొట్ట మీద చెయ్యి వేశాను. కాన్పయ్యాక గర్భసంచి గట్టిగా బిగుసుకోవాలి, అప్పుడే లోపల తెగిన రక్తనాళాలు మూసుకుంటాయి. నా చేతికి కలిపిన పిండిలా మెత్తగా తగిలింది. పైనుంచి నొక్కి మర్దన మొదలుపెట్టాను. డ్యూటీకి వచ్చిన జ్యోతి డాక్టరుకి కబురు పంపి, రెండో చేతికి లావు సూదితో సెలైన్ ఎక్కించి, గర్భసంచి బిగిసే ఇంజెక్షన్ ఇచ్చింది. రక్తం గ్రూపుకి శాంపిల్ వెళ్ళింది. డాక్టరమ్మ వచ్చి, మాయ ముక్క లోపల మిగిలిందని చూసి, థియేటర్‌కి తీసుకెళ్ళి తీశారు. రెండు సంచుల రక్తం ఎక్కించాం. గండం గడిచి, నాలుగున్నరకి నూకరత్నం దాహమంది.

అప్పుడు పోలమ్మను, కోపంగానే, అడిగాను. రక్తం కనపడగానే ఎందుకు పిలవలేదని.

"సూసినాను. మీరు దేవుడితోటి మాటాడతన్నారు కదేటి. మద్దిలో అడ్డెడితే, ఆ కోపం నా కోడలి మీద సూపెడితేనో?"

మళ్ళీ తనే అంది. "అయినా అంతసేపు ఏటి సెప్తావమ్మా ఆయనకి? మా అమ్మోరికైతే రెండు ముక్కలు సెప్పేసి సేపల గంపెత్తుకుంటాం."

జ్యోతి నవ్వింది. నేను నవ్వలేకపోయాను. పైకి పెంచిన ఆ ఖాళీ గొంతు ఒక మనిషి ప్రాణానికి అడ్డు నిలబడింది.

సాయంత్రం మేట్రన్ సుగుణమ్మగారు పిలిచారు. నర్సులందరికీ పైఅధికారి, ఏడాదిలో రిటైరవబోతున్నారు. ఆమె ముఖం వెలిగిపోతోంది. "దేవుడే నీ కళ్ళు తెరిపించాడే. ఆదివారం సాక్ష్యం సెప్పాల" అన్నారు.

సరే అంటే అయిపోయేది. మిషన్ ఆసుపత్రిలో కాదంటే ఇన్‌ఛార్జి పదవి పోవచ్చు, సంగతి పాస్టరుగారి దాకా వెళ్ళవచ్చు. అయినా చెప్పాను. నేను కళ్ళు తెరిచింది ప్రార్థన సాగక. ఏప్రిల్ నుంచీ సాగడం లేదు. ఇవాళ దేవుడు తెరిపించాడని నేను సాక్ష్యమిస్తే, ఏప్రిల్లో ఆ బిడ్డకి ఎందుకు అడ్డుపడలేదో కూడా నేనే చెప్పాలి. అది నాకు తెలీదు.

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఆ ఒక్క బిడ్డేనేటి? నా సర్వీసులో పోయినోళ్ళు నాకు పేర్లతోటి గుర్తున్నారు. రోజూ అడుగుతానే ఉన్నాను ఆయన్ని. సెప్పడు. నేను మాననూ మానను."

"మరి సాక్ష్యం?"

"వద్దులే. రిపోర్టు రాయి. ఉన్నదున్నట్టు రాయి."

రాశాను. ప్రార్థన జరుగుతుండగా రక్తస్రావం మొదలైందనీ, రోగి బంధువు చూసి కూడా ప్రార్థనకి అడ్డురాకూడదని పిలవలేదనీ రాశాను. ఆ వాక్యాన్ని రెండుసార్లు కొట్టేసి మూడోసారి ఉంచాను. సుగుణమ్మగారు చదివి సంతకం పెట్టారు. మరుసటి వారం నుంచి హ్యాండోవర్ ముందు, ప్రార్థన తర్వాత. అదీ రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాలూ ఒక నర్సు కళ్ళు తెరుచుకుని మంచాల మధ్య తిరుగుతూ ఉండాలి. ఎప్పుడైనా పిలవవచ్చని బంధువులకి ముందే చెప్పాలి. ఆసుపత్రి కమిటీ పెద్దలు కొందరు ఇది విశ్వాసం తగ్గడమన్నారు. మేట్రన్ వెనక్కి తగ్గలేదు. ఇప్పటికీ అలాగే నడుస్తోందని జ్యోతి చెప్పింది.

సుగుణమ్మగారి మాట, దేవుడే కళ్ళు తెరిపించాడన్నది, అబద్ధమని నేను రుజువు చెయ్యలేను. నిజమని సంఘం ముందు ప్రమాణమూ చెయ్యలేను. ఆ రోజు బస్టాపుకి నడుస్తూ, నాలుగు నెలల్లో మొదటిసారి, దేవుడికి ఉన్న మాట చెప్పాను. "ఆ బిడ్డ సంగతి నాకు అర్థం కాలేదు. నీ మీద కోపంగా ఉంది." జవాబు రాలేదు. కాని వినేవాడు ఉన్నాడన్న నమ్మకం తిరిగి వచ్చింది. లేనివాడి మీద అంత కోపం రాదు. ఆ నమ్మకం నాకు ఈనాటికీ గట్టిగానే ఉంది. ప్రశ్నా ఉంది. రెండూ ఒకే ఇంట్లో ఉంటున్నాయి.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇది. నమ్మనిది నమ్మినట్టు పైకి చెప్పే నర్సు రోగికి ప్రమాదం. తనకు తెలియనిది తెలియదని రాసే నర్సు ప్రమాదం కాదు.

మర్నాడు పొద్దున్న టిఫిను ముందు ప్రార్థన చేస్తుంటే, రెండో తరగతి చదివే మా అమ్మాయి పట్టుకుంది. "అమ్మా, నువ్వు కళ్ళు మూసుకోనేదు."

చెప్పాను. "తెరుచుకుని కూడా చెయ్యొచ్చమ్మా. ప్రార్థనలో ఉండగా తమ్ముడు పడిపోతే ఆమెన్ దాకా ఆగొద్దు. లేచి వెళ్ళి పట్టుకో. దేవుడేమీ అనుకోడు."

"నీకు దేవుడి గురించి అన్నీ తెలుసా?" అన్నాడు తమ్ముడు.

"తెలీదు నాన్నా. తెలీనివి ఆయన్నే అడుగుతున్నాను. మీరూ అడగండి."

"అడిగితే సెప్తాడేటి?" అంది అమ్మాయి.

"కొన్ని చెప్పాడు. కొన్నిటికి ఇంకా చెప్పలేదు. అడగడం మానొద్దు. బూట్లు వేసుకోండి, బస్సు వస్తాది."