ఇంగ్లీషు పల్లెలో మగ్గం గుంట

నేను ఇంగ్లండు వెళ్లలేదు. ఆ శ్రమ నాకు లేకుండా, కంకిపాడు దాటాక కాలవ పక్కన ఎవరో అమ్మకానికి ఒక ఇంగ్లీషు పల్లెటూరు కట్టి, ఆదివారం ఆదివారం బెంజ్ సర్కిల్ నుంచి ఏసీ వ్యాన్‌లో ఉచితంగా తీసుకెళ్లి చూపించేవాళ్లు. మధ్యాహ్నం బిర్యానీ కూడా వాళ్లదే. 'నిశ్శబ్దమైన ఇంగ్లీషు గ్రామం, చుట్టూ ప్రశాంతమైన ఇంగ్లీషు పల్లెసీమ' అని బ్రోచర్‌లో రాశారు. చుట్టూ ఉన్నవి మా జిల్లా వరి పొలాలే. తాము ఇంగ్లండులో వ్యవసాయం చేస్తున్నామన్న సంగతి ఆ రైతులకు ఎవరూ చెప్పినట్టు లేదు.

నాకు ఇంగ్లండు మీద మోజేమీ లేదు. నాకు కావలసింది ఒక గుంట.

మా నాన్న నేతగాడు. పెడనలో అరవై ఏళ్లు గుంట మగ్గం మీద నేశాడు. అంటే నేలలో మోకాటి లోతు గొయ్యి తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వదిలి, అక్కడున్న పలకలు తొక్కుతూ నేసే మగ్గం. ఆయన నేస్తుంటే అమ్మ పక్కనే రాట్నం పెట్టుకుని కండెలు చుట్టేది. వేలెడంత గొట్టానికి చుట్టిన నూలే కండె. దాన్ని నాడెలో పెట్టి అటూ ఇటూ ఆడిస్తే గుడ్డ అవుతుంది. చిన్నప్పుడు ఆ కండెలు చుట్టే పని తప్పించుకుని తిరిగి, పెద్దయ్యాక వన్ టౌన్‌లో బట్టల హోల్‌సేల్ కొట్టు పెట్టుకున్నవాణ్ణి నేను. గుడ్డ అమ్మడమే తప్ప గుడ్డ ఎలా పుడుతుందో నా చేతులకు తెలియదు.

అమ్మ పోయేసరికి మగ్గం మీద చీర సగంలో ఉంది. ఒంటరిగా ఎందుకని నేనే వెళ్లి, మగ్గం విప్పించి, నాన్నను పటమటలో మా మూడో అంతస్తు ఫ్లాటుకు తెచ్చాను. కర్రలన్నీ లారీకెక్కించాను. సగం చీరను పడుగుతో సహా చుట్టించి పాత దుప్పట్లో మూటగట్టాను. గుంటను మాత్రం లారీకెక్కించలేకపోయాను.

నాన్న చేత్తో పట్టుకొచ్చింది ఒక బిస్కెట్ డబ్బా. ఆ చీరకు సరిపడా అమ్మ ముందే చుట్టిపెట్టిన కండెలు అందులో ఉన్నాయి. "మీ అమ్మ చుట్టినవి నేసేస్తే నా పని అయిపోద్దిరా" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఆయన నవ్వడం నేను చూడలేదు. భోజనాల బల్ల దగ్గర కూర్చుంటే కింద ఆయన కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూనే ఉండేవి. బల్ల కదిలి చారు తొణికేది. మా ఆవిడ ఒక చేత్తో గిన్నె పట్టుకుని రెండో చేత్తో తినడం అలవాటు చేసుకుంది. నాకేమో నా మీద నాకు కోపం వస్తే పక్కవాళ్ల మీద అరిచే దుర్గుణం ఉంది. ఆ రోజుల్లో ఇంట్లో చాలా అరిచాను.

గుంట కోసం తిరగని చోటు లేదు. కింద పార్కింగ్‌లో తవ్వుకుంటామని అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో అడిగాను.

"పెద్దాయన గుంటలో పడితే బాధ్యత ఎవరిదండీ?" అన్నాడు సెక్రటరీ.

"ఆయన పడరండీ, దిగుతారు" అన్నాను.

మినిట్స్ బుక్కులో 'గుంట: తిరస్కరించబడింది' అని రాసుకున్నారు. వన్ టౌన్‌లో నా గోడౌన్ నేల తవ్విస్తే రెండడుగులకే మురుగునీరు ఊరింది. కుర్చీ మీద కూర్చున్నట్టు కూర్చుని నేసే మగ్గం కొంటానంటే, "అది బ్యాంకు ఉద్యోగంరా, నేత కాదు" అన్నాడు నాన్న. చివరికి మట్టి నేల మీద సొంత ఇల్లు చూద్దామని ఆ ఇంగ్లీషు పల్లె వ్యాన్ ఎక్కాం.

మే నెల. గేటు దగ్గర ఎర్ర కోటు, ఎలుగ్గొడ్డు బొచ్చులాంటి నల్ల టోపీ పెట్టుకున్న గార్డు చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. మెడలో ఈల. మేము దిగి మాట్లాడుకోవడం మొదలుపెట్టగానే చెవులు చిల్లులు పడేలా ఊదాడు.

"సారీ అండీ, నిశ్శబ్దం మా స్పెషాలిటీ అండీ. ఎవరన్నా గట్టిగా మాట్లాడితే ఈల వేయమన్నామండీ" అంది మేనేజరమ్మ. పాతికేళ్లుంటాయి, మంచి పిల్ల. చెట్లకు కట్టిన స్పీకర్లలోంచి ఇంగ్లండు పిట్టల కూతలు వస్తున్నాయి. వాటి కోసం వెనక జనరేటరు తిరుగుతోంది. జనరేటరు మోత వినబడకుండా పిట్టల్ని ఇంకాస్త పెంచారు. మధ్యలో మన కోకిల ఒకటి నిజంగానే కూసింది. గార్డు అలవాటుగా దాని మీద కూడా ఈల వేశాడు.

ఇళ్ల పైకప్పు ప్లాస్టిక్ గడ్డి. తాటాకు వేయచ్చు కదమ్మా అంటే, "అది మరీ పల్లెటూరిలా ఉంటుందండీ" అంది. మైదానంలో నాలుగు గొర్రెలు, సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. ఒకటి గోడకు ఒళ్లు రుద్దుకుని వెళ్తే గోడ తెల్లబడింది, గొర్రె గోధుమరంగుకు తిరిగింది. అది సున్నమే. ఎర్ర పోస్టు డబ్బాలో సెక్యూరిటీవాళ్లు క్యారేజీలు దాచుకున్నారు.

నాన్న ఇవేవీ చూడలేదు. వెళ్లిన ప్రతి ఇంట్లో మడమతో నేలను రెండుసార్లు తట్టి, "బండ" అని పెదవి విరిచేవాడు. ఎండకు నా తల మాడిపోతోంది. బిర్యానీ తిని వెళ్లిపోదామనుకున్నాను.

ఆఖరిది మోడల్ హౌసు. హాల్లోకి వెళ్లగానే నాన్న ఆగిపోయాడు. గోడ వారన, పొగగొట్టం కింద, నేలలోకి చక్కగా దిగిన గుంట. మోకాటి లోతు, చదరంగా, అంచులు నున్నగా.

"ఈ గుంట దేనికమ్మా?" అన్నాడు.

"ఫైర్‌ప్లేస్ అండీ. చలి మంట వేసుకోవడానికండీ" అంది ఆ అమ్మాయి, ముక్కు మీద చెమట తుడుచుకుంటూ.

తర్వాత తెలిసింది. ఇంట్లో చలి మంట అనేది ఆ ఇల్లు కట్టిన మేస్త్రి పుట్టి బుద్ధెరిగి చూసినవాడు కాదు. గోడలో కట్టవలసిన దాన్ని, పెళ్లివంటలకు తవ్వే గాడిపొయ్యి లెక్కన నేలలోకి తవ్వేశాడు. పైన పొగగొట్టం మాత్రం ప్లాను ప్రకారం పెట్టాడు.

నాన్నకు ఆ కథంతా అనవసరం. నా వైపు తిరిగి, "దొరలు కూడా మనవాళ్లేరా! ఇంటింటికీ మగ్గం గుంట పెట్టుకున్నారు" అన్నాడు. నేను వారించేలోపల చెప్పులు విడిచి, అంచున కూర్చుని, కాళ్లు గుంటలోకి వదిలాడు. ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. తర్వాత లేని పలకలు తొక్కడం మొదలుపెట్టాడు. కుడి చేయి లేని తాడు లాగింది, ఎడమ చేయి లేని చట్రంతో పోగుల్ని దగ్గరికి కొట్టింది. మాతో వచ్చినవాళ్లంతా చుట్టూ మూగారు. ఒకాయన ఫిట్స్ అనుకుని తాళంచెవులు తీసి నాన్న గుప్పిట్లో పెట్టబోయాడు. ఇంకొకావిడ వీడియో తీసింది. నాకు సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మేనేజరమ్మ మాత్రం చప్పట్లు కొట్టింది. ఇంగ్లీషు పల్లెకు ఒక నేతగాడు ఉంటే సహజంగా ఉంటుందని పైవాళ్లకు ఫోన్ చేసింది. ఆదివారాలు నాన్న అక్కడ మగ్గం పెట్టుకోవచ్చట. రెండే షరతులు. మగ్గం చప్పుడు చేయకూడదు. నేతగాడు వెయిస్ట్‌కోటు, టోపీ వేసుకోవాలి.

"మా నాన్నేమన్నా పగటివేషగాడా?" అని లేచాను. గార్డు ఈల వేశాడు.

"ఊరుకోరా. టోపీ పెట్టుకుంటే తలేం అరిగిపోద్ది? గుంట ఉందిగా" అన్నాడు నాన్న. మేనేజరమ్మ తెప్పించిన టోపీని చేతిలో తిప్పి చూసి, "నేత బానే ఉంది" అన్నాడు.

మర్నాడే గోడౌన్‌లోంచి మగ్గం కర్రలు కదిలాయి. ఆ తర్వాత ప్రతి ఆదివారం నలభై మూడు డిగ్రీల ఎండలో మా నాన్న ఉన్ని వెయిస్ట్‌కోటు, గళ్ల టోపీ పెట్టుకుని, ఇంగ్లీషు కుంపట్లో కూర్చుని, అమ్మ చుట్టిన కండెలతో చీర నేశాడు. చప్పుడు తగ్గుతుందని మగ్గానికి రబ్బరు ముక్కలు కట్టారు. అయినా టకటకలాడుతుంటే పిట్టల్ని ఇంకా పెంచారు. ప్లాటు చూడ్డానికొచ్చిన రిటైర్డ్ ఆఫీసరొకాయన, "ఇది అసలైన ఇంగ్లీషు పద్ధతేనా అండీ?" అని అడిగాడు. "అచ్చంగా అదేనండీ. మా తాత దగ్గర నేర్చుకున్నా" అన్నాడు నాన్న. ఆఫీసరు తృప్తిగా తలూపి ఫోటో దిగాడు. దొరల మిల్లు గుడ్డ వచ్చి మా తాతల మగ్గాలు మూలపడ్డాయని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు గెలిచింది ఎవరో నాకు అర్థం కాలేదు.

నేను గమనించింది ఇంకొకటి ఉంది. రోజుకు చీరలో సగం దించేసే మనిషి, ఆదివారానికి మూడు కండెలకు మించి నేయడం లేదు. మూడోది అవగానే "నడుం పట్టేసింది" అనేవాడు. నడుం నొప్పి అని తైలం తెస్తే ముట్టుకోలేదు. డబ్బా మూత తీసి, మిగిలిన వాటిని వేలితో అటూ ఇటూ దొర్లించి, మళ్లీ మూత పెట్టేవాడు. అప్పటికి గానీ నాకు బుర్రకెక్కలేదు. ఆ తర్వాత నుంచి తొందర పెట్టడం మానేశాను.

ఎంత సాగదీసినా డబ్బా ఎప్పటికో ఒకప్పటికి ఖాళీ కావలసిందే. వానలు పడి చుట్టూ ఆకుమడులు పచ్చబడ్డాక ఒక ఆదివారం అందులో ఒక్కటే మిగిలింది. నాన్న దాన్ని నాడెలో పెట్టి, బయటికి తీసి, మళ్లీ పెట్టి, నేశాడు. నూలు కొస నాడెలోంచి జారి పేకలో కలిసిపోయింది. చీర అంచు కూడా సరిగ్గా అక్కడికే వచ్చింది. అమ్మ లెక్క తప్పేది కాదు.

నాన్న టోపీ తీసి, వెయిస్ట్‌కోటు మడతపెట్టి పక్కన పెట్టాడు. "ఇక పోదాం పద" అన్నాడు.

మేనేజరమ్మ కంగారుపడింది. "అయ్యో తాతగారూ, ఆపకండి. నూలు మేమిప్పిస్తామండీ. ఏ రంగు కావాలంటే ఆ రంగు."

"నూలు నువ్విస్తావమ్మా. కండెలు ఎవరు చుడతారు?"

డీజిల్ అయిపోయిందో ఏమో, జనరేటరు ఆగి పిట్టలు ఊరుకున్నాయి. ఆ పల్లెలో నిశ్శబ్దం ఉండటం నేను మొదటిసారి విన్నాను. నాన్న ఖాళీ డబ్బాను ఒళ్లో పెట్టుకుని గుంట అంచునే కూర్చుని ఉన్నాడు. కాళ్లు కదలడం లేదు. నాకు భయమేసింది.

"నేను చుడతా నాన్నా" అన్నాను.

నాన్న తలెత్తి చూశాడు. నా కుడిచేయి పట్టుకుని తిరగేశాడు. కొట్లో గద్దె మీద కూర్చుని మెత్తబడిన అరచెయ్యి, లావెక్కి ఉంగరం ఊడిరాని వేలు.

"నువ్వా?" అన్నాడు. "ఎనిమిదేళ్లప్పుడు మీ అమ్మ కండెలు చుట్టమంటే, ఎవరికీ దొరక్కుండా నూలంతా మేక మెడకు చుట్టేసి పారిపోయావు. ఆ మేక ఊరంతా తిరిగింది. చిక్కు విప్పలేక మీ అమ్మ మేకను కూడా మగ్గానికెక్కిద్దామంది" అంటూ నవ్వడం మొదలుపెట్టాడు. ముందు కడుపు కదిలింది, తర్వాత భుజాలు. గుంట అంచు రెండు చేతులా పట్టుకుని, కళ్లనీళ్లు కారుతుండగా, పొగగొట్టం మార్మోగేలా నవ్వాడు.

గేటు దగ్గర గార్డు ఈల వేశాడు. నాన్న ఇంకా గట్టిగా నవ్వాడు.