గేటు దగ్గర మాట

మామిడి గుజ్జు ఉడికే వాసన తగిలితే చాలు, నా వేళ్ళ సందుల్లో సొన మంట మొదలవుతుంది. ఈ సీజన్‌లో కారిమంగళం గుజ్జు ఫ్యాక్టరీ ముందు బస్సు దిగిన మొదటి రోజూ అంతే. నవ్వొచ్చింది, వెంటనే మునెమ్మత్త గుర్తుకొచ్చింది. పళ్ళు కోసే బల్ల దగ్గర నాకు కత్తి పట్టడం నేర్పిన మా ఊరి మనిషి ఆమె. "నొక్కొద్దే సరోజా, పండు దాని బరువుకే తిరగల్ల" అనేది.

నేను పనిలో చేరిన ఆ ఏడు సెల్వి అనే తమిళ అమ్మాయి అరచేయి తెగింది. కట్టు కట్టించమంటే మేనేజరు పనిలోంచే తీసేశాడు. బల్ల దగ్గరి ఆడవాళ్ళమంతా కత్తులు కింద పెట్టి గేటు బయట కూర్చున్నాం. సెల్విని తీసుకుంటేనే లోపలికి వెళ్ళేది. మూడో రోజుకు లారీల్లో పళ్ళు మెత్తబడ్డాయి. మాలో కొందరి మనసులూ మెత్తబడ్డాయి, అబద్ధమెందుకు, అందరికంటే ముందు నాదే. ఈ పని పోతే మళ్ళీ ఆవుల వెంట తిరగాల్సిందే.

అప్పుడొచ్చాడు మేనేజరు. ఆంధ్రా వైపు మనిషి. తెలుగువాళ్ళం పదిమందిమి ఒక పక్కగా కూర్చుని ఉంటే, వంగి గొంతు తగ్గించి తెలుగులో అన్నాడు: "మీరు మనవాళ్ళు. ఆ గొడవ మీకెందుకమ్మా? లోపలికి రండి, మీ పదిమందినీ పర్మనెంట్ చేస్తాను."

మా ఊరు తమిళనాట, ఇల్లు దాటితే మాకు అంతా తమిళమే. బయట ఎవరైనా తెలుగులో పలకరిస్తే చాలు, చుట్టం దొరికినట్టు కరిగిపోతాం. నేను లేచి చీర దులుపుకున్నాను కూడా. కట్టు కట్టిన చేయి ఒళ్ళో పెట్టుకుని సెల్వి మా ముఖాలు మార్చి మార్చి చూస్తోంది. ఒక్క ముక్కా అర్థం కాలేదు పాపం.

మునెమ్మత్త లేచింది. "ఎల్లారుం కేళుంగ!" అందరూ వినండని అరిచి, ఆయన అన్న ప్రతి మాటనూ తమిళంలో చెప్పేసింది. ఆయన వైపు తిరిగి కూడా తమిళంలోనే, "సెల్వి ముందు నడిస్తే వెనకే అందరం వస్తాం సార్" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. సెల్వి పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. పళ్ళు కుళ్ళిపోతాయని మేనేజరు దిగొచ్చాడు; మర్నాడు సెల్వి ముందు నడిచింది, వెనకే మేమంతా వెళ్ళాం.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళే బస్సులో ఉండబట్టలేక అడిగాను. "అత్తా, ఆయప్ప తెలుగులో అడిగితే నువ్వు అరవంలో ఏల చెప్తివి?"

"నాతో ఒక్కదానితో మాట్లాడల్లంటే ఇంటికొచ్చి ఉండొచ్చు గదమ్మే. గేటు కాడ మాట్లాడినాడు. అది ఆడుండే వాళ్ళందరిదీ."

"నేను లేసింది చూసినావా?"

"చూసినా. కూసున్నదీ చూసినా."

తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్నేమో. అత్త ఇప్పుడు లేదు. ఇంకో ఫ్యాక్టరీలో, అదే ఈ కారిమంగళంలో, నేనే బల్లకు పెద్దను. మొన్న కొత్త మేనేజరు వచ్చి, బిహార్ అమ్మాయి పక్కనుండగానే నవ్వుతూ తమిళంలో అన్నాడు: "దీన్ని రేపటి నుంచి మాన్పిద్దాం. మన ఊరి పిల్లలు లేరా ఏంటి?" ఆయన నవ్వుతున్నాడని ఆ పిల్లా నవ్వుతోంది.

నేను కత్తి కింద పెట్టాను. నాకొచ్చిన నాలుగు హిందీ ముక్కలతో, ఆయన అన్నదంతా ఆ పిల్లకు గట్టిగా చెప్పాను. బల్ల చుట్టూ కత్తులు ఒక్కొక్కటే ఆగాయి.