పానగల్లు మ్యూజియంలో మావాళ్ల కుండ

ఈ రోజు మా ఫొటోగ్రాఫర్ల బృందంతో నల్లగొండ చుట్టొచ్చాను. పొద్దున క్లాక్ టవర్, ఆ తర్వాత పానగల్లు మ్యూజియం. అంత పాత శిల్పాలను పెట్టుకుని, మావాళ్లు వాటి ముందు నిలబడి ఒకరినొకరు ఫొటోలు తీసుకున్నారు.

మా బృందం నాయకుడు ఇళ్ల ప్లాట్లు అమ్ముతాడు. ఆయన కారు డిక్కీలో ఎప్పుడూ ఒక మట్టికుండ, ఒక గొంగడి ఉంటాయి. పల్లె ఆత్మ ఎక్కడ దొరికితే అక్కడ పట్టేస్తాడట! దేవరకొండ నుంచి మనవరాలితో మ్యూజియం చూడటానికి వచ్చిన ఒక అవ్వను మొదట అడ్డం తప్పుకోమన్నాడు. తీరా ఆమె ఎర్రచీర కంటపడగానే వెనక్కి పిలిచాడు.

"అవ్వా, జర గీ కుండ నెత్తిన పెట్టుకొని గా బొమ్మ పక్కన నిలబడు. ఒక్క ఫొటో."

"కుండెందుకు బిడ్డా? మా ఇంట్ల నల్లా నీళ్లొస్తయి. మీ ఇంటికి ఇంకా రాలేదా?"

మనవరాలు పకపకా నవ్వింది. అవ్వ ఒక్కో శిల్పం ముందు ఆగి, తీరిగ్గా చూసుకుంటూ వెళ్లిపోయింది. మాలో ఒక్కరూ అలా చూడలేదు.

సాయంత్రానికి మా నాయకుడు ఆన్‌లైన్‌లో ఒక ఫొటో పెట్టేశాడు. గొంగడి కప్పుకుని, నెత్తిన కుండతో అటు తిరిగి నిలబడ్డ మనిషి. కింద 'కనుమరుగవుతున్న పల్లెతల్లి' అని రాత. ఆ పల్లెతల్లి ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసే మా కోశాధికారి, మీసాలున్న మగమనిషి. కామెంట్లలో ఒకాయన 'మా అమ్మ గుర్తొచ్చింది' అని కన్నీళ్లు పెట్టుకున్నాడు.

గొంగడి కింద జీన్సు ప్యాంటు, కుండ పట్టుకున్న చేతికి స్మార్ట్ వాచీ. ఆ ఫొటో చూసి, మీకెవరు గుర్తొచ్చారో చెప్పండి.