ఖాసీం జామీను

ఖాసీం ఆరెను తోలులోకి దింపి, వెనక్కి లాగి, ఆ రంధ్రంలోంచి రెండు సూదులను ఎదురెదురుగా పోనిచ్చాడు. ఒంటె జీనును పొట్ట కింద నుంచి బిగించే పట్టీ అది. దోహా అవతల అల్ షహానియాలో ఒంటె పందేల మైదానం దగ్గర అతనిదో రేకుల కొట్టు. నిజామాబాద్‌లో చెప్పులు కుట్టేవాళ్ళ ఎదుట నిలబడి, చూసి నేర్చుకున్న పని.

పట్టీ రెండో కొసను ఆంజి లాగి పట్టుకున్నాడు. రాజంపేట వైపు మనిషి, ఉమ్ సలాల్‌లో ఒక ఇంటి డ్రైవరు. యజమాని వేట తుపాకీ సంచికి వారు తెగితే, ఖాసీం దగ్గర కుట్టించుకు రమ్మని ఇంట్లోవాళ్ళు పంపారు. ఆంజి విప్పి చూడకుండానే బండిలో వేసుకున్నాడు. దారిలో పోలీసులు విప్పితే లోపల తుపాకీ ఉంది. లైసెన్సున్న యజమాని వైద్యానికి వేరే దేశం వెళ్ళి ఉన్నాడు. ఆంజిని కొన్నాళ్ళు లోపల ఉంచారు. తరవాత, పిలిచినప్పుడల్లా వస్తాడని ఎవరైనా పూచీ పడితే కేసు తేలేదాకా బయట ఉండొచ్చన్నారు. సంచి వస్తున్నది తన కొట్టుకే కదా అని ఖాసీం తన పాస్‌పోర్టు జామీనుగా అప్పగించాడు.

వాయిదా మర్నాడే.

"భాయ్, నేను రేపు రాను," అన్నాడు ఆంజి. "తుపాకీ కేసంటే కోర్టులోనుంచి అట్నే జైలుకు తోలుకుపోతారంట. లేబర్ క్యాంపులో అందరూ అదే చెప్తాండారు. దోహాలో మావోళ్ళ రూములో దాక్కుంటా."

"క్యాంపుల జడ్జీలు మస్తుమంది ఉన్నరు. డ్యూటీ దిగంగనే తీర్పులు చెప్తరు."

"నీకు నవ్వులాటగా ఉండాది. లోపల ఉండింది నేను."

"నిజమే." ఖాసీం దారం బిగించాడు. "నువ్వు రాకుంటే నా పాస్‌పోర్టు పోతది, పోనీ. తుపాకీ నీది కాదు. కానీ పారిపోయుడు నీదే అయితది. దానికి ఏ సేఠ్ వచ్చి సాక్ష్యం చెప్తడు?"

ఆంజి చేతిలోని కొస వదిలేశాడు. పట్టీ సడలి, కుట్టు వంకర పోయింది.

"అరె, ఏందిర బై! ఈ పట్టీ రేపు కోర్టు కాంగనే ఇస్తనని గులాం నబీకి మాటిచ్చిన."

ఖాసీం వంకర పోయిన కుట్లను ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. ఊడిన దారం ముక్కలను ఆంజి ఏరి పక్కన పెట్టాడు.

"ఎన్ని గంటలకు పోవాల భాయ్?"

"పొద్దుగాలనే. గట్టిగ గుంజు."

ఆంజి కొస అందుకున్నాడు.

మర్నాడు కోర్టులో, తుపాకీ కేసు గనుక మళ్ళీ లోపల పెట్టాలని ప్రాసిక్యూటరు అడిగాడు. పిలిచినప్పుడల్లా వచ్చాడా అని అడిగాడు జడ్జి. వచ్చాడని కాగితాలు చూసి చెప్పారు. యజమాని తిరిగొచ్చి లైసెన్సు చూపేదాకా బయటే ఉండనివ్వమన్నాడు జడ్జి. ఖాసీం పాస్‌పోర్టు మాత్రం అప్పటిదాకా అక్కడే ఉంటుంది.

"నీదింకా లోపలే ఉండాది భాయ్," అన్నాడు ఆంజి బయటికొచ్చాక.

"ఉండనీ. దానికి అన్నం పెట్టే పని లేదు. యల్లా, నడువ్."

ఇద్దరూ నేరుగా మైదానానికి వెళ్ళారు. ఒంటెలకు పరుగు నేర్పే గులాం నబీ పట్టీని పాదం కింద వేసి, రెండు చేతులా గుంజి చూశాడు. కుట్టు వెంట వేలు పోనిచ్చాడు. దాన్ని భుజాన వేసుకుని ఒంటె దగ్గరికి వెళ్ళిపోయాడు.