సముద్రం లేని వైజాగ్ చూపించాను

వైజాగ్‌కి మొదటిసారి వచ్చేవాళ్ళకి సలహాలివ్వడంలో నన్ను మించినవాళ్ళు ఉక్కునగరంలో లేరు. మా ఆయనకి ప్లాంటులో ఉద్యోగమంటే మా చుట్టాలందరికీ బీచ్ ఉన్న ఊళ్ళో ఉచిత లాడ్జి దొరికిందని అర్థం. వేసవి వస్తే చాలు, క్వార్టర్ గుమ్మంలో బ్యాగులు దిగుతాయి. దిగినవాళ్ళకి కాఫీతోపాటు నా ఉపన్యాసం కూడా తప్పదు. పట్టుచీర పెట్టెలోనే ఉంచండి, ఇక్కడ చెమట పట్టదు, కారుతుంది. మధ్యాహ్నం బీచ్‌కి వెళ్ళారో, ఇసక మీద అప్పడాల్లా వేగుతారు. నీళ్ళు చీలమండ దాటనివ్వకండి, మా సముద్రం చూడ్డానికి పెద్దమనిషే గానీ దాన్ని నమ్మడానికి లేదు. అన్నిటికంటే ముఖ్యం, చెప్పులు నీళ్ళకి దూరంగా విప్పండి. ఇంత చెప్పినా ప్రతివాడూ అల అంచునే విప్పుతాడు, తిరిగొచ్చేటప్పుడు ఒంటిచెప్పుతో ఆటో ఎక్కుతాడు.

అసలు మేం సముద్రం చూసేదే చుట్టాలొచ్చినప్పుడు. మిగతా రోజుల్లో షిఫ్టులూ, క్యారేజీలూ, ఆరేసిన బట్టల మీద దుమ్మూ చూసుకోడానికే సరిపోతుంది.

కిందటేడు వేసవిలో మా వియ్యపురాలు వస్తానంది. కోడలి తల్లి, దివిసీమ మనిషి. పెళ్ళయ్యాక మా ఇంటికి రావడం అదే మొదలు. వియ్యపురాలంటే మామూలు చుట్టమా? కూరలో ఉప్పు తగ్గినా కృష్ణా జిల్లా అంతా తెలిసిపోతుంది. కర్టెన్లు ఉతికించాను. మా ఆయనకి చిరుగులేని లుంగీ కొన్నాను. ఉపన్యాసానికి కూడా కాస్త మెరుగులు దిద్దుకున్నాను.

ఆవిడ రావడానికి ముందురోజు కోడలు వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. "అత్తయ్యా, అమ్మకి ఏదైనా చూపించండి. సముద్రం మాత్రం వద్దు" అంది. వాళ్ళమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఉప్పెన వచ్చిందట. ఆవిడ నాన్న తన తలగుడ్డతో పిల్లని తాటిచెట్టుకి కట్టేశాడట. తెల్లవారేసరికి చెట్టు ఉంది, పిల్ల ఉంది. నాన్న లేడు, ఇల్లు లేదు. అప్పటినుంచీ ఆవిడ సముద్రం వైపు వెళ్ళలేదు. గట్టిగా వాన పడితే ఇప్పటికీ వణికిపోతుందట. "చూస్తే తట్టుకోలేదు అత్తయ్యా" అని కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకూ గుండె చెరువైంది. చూపించనని మాట ఇచ్చేశాను.

ఇచ్చాక గానీ ఆ మాట బరువు తెలియలేదు. వైజాగ్‌లో సముద్రాన్ని దాచడమంటే పెళ్ళిపందిట్లో పెళ్ళికూతుర్ని దాచడమే.

ఆవిడ వచ్చింది. గేటు పక్కన కుళాయి దగ్గర ఆగి, మడమలు రెండూ రుద్ది రుద్ది కడుక్కుని, అప్పుడు గడప తొక్కింది. "ఒకళ్ళింటికి మట్టికాళ్ళతో వెళ్ళకూడదు వదినగారూ" అంది. నాకు మనిషి అక్కడే నచ్చేసింది.

కొడుకూ కోడలూ తెల్లారేసరికి అచ్యుతాపురం కంపెనీ బస్సెక్కేస్తారు కాబట్టి ఊరు చూపించే పని నా నెత్తిన పడింది. సింహాచలం కొండెక్కించాను. జూకి తీసుకెళ్ళి, ఏనుగు దగ్గర గంటసేపు నిలబెట్టాను. రైల్లో అరకు తిప్పి బొంగులో చికెన్ తినిపించాను. ఓరోజు ఆటోవాడు నా మాట వినకుండా మల్కాపురం మీదుగా తిప్పాడు. పోర్టు క్రేన్లు కనబడగానే, "దుమ్ము వదినగారూ, కొంగు మొహమంతా కప్పుకోండి" అని కేకపెట్టాను. పాపం కప్పుకుంది. కళ్ళతో సహా.

ఆవిడ వెళ్ళే ముందురోజు రాత్రి భోజనాల దగ్గర, కోడలు పక్క గదిలో నిద్రపోయాక, ఆవిడ పెరుగు కలుపుకుంటూ అడిగింది. "వదినగారూ, మీ ఊళ్ళో సముద్రం ఉండాలి కదా. అమ్మేశారా?"

"అమ్ముతారని ప్లాంటు పేరే ఇనిపిత్తంది గానండి, సముద్రం జోలికింకా ఎవులూ రాలేదు" అన్నాడు మా ఆయన. బల్ల కింద కాలితో ఒకటిచ్చాను.

"మా అమ్మాయి చెప్పే ఉంటుంది. భయం లేదని నేనూ అనను" అంది ఆవిడ. "కానీ ఒకసారి అది మా ఇంటికొచ్చింది. దాని దగ్గరికి నేనెప్పుడూ వెళ్ళలేదు. రేపు సాయంత్రం నాకు రైలు. మీరు తీసుకెళ్తారా, నన్నే వెళ్ళిపోమంటారా?"

తీసుకెళ్తే కోడలికిచ్చిన మాట పోతుంది. అక్కడ ఈవిడ కూలబడిపోతే కోడలు జన్మలో నన్ను క్షమించదు. తీసుకెళ్ళకపోతే ఒక్కతే వెళ్ళేలా ఉంది.

"రేపు నాకు మద్దేనం బి షిఫ్టే. పొద్దున్న నాను తీసికెల్తాను, మీరు బెంగెట్టుకోకండి" అనేశాడు మా ఆయన. ఈ మనిషికి నన్నడిగి మాట్లాడే అలవాటు ఎప్పుడుంది గనక!

పొద్దున్న కొడుకూ కోడలూ బస్సెక్కగానే ముగ్గురం ఆటోలో అప్పికొండ బీచ్‌కి బయల్దేరాం. అక్కడ జనం తక్కువ, ఏమైనా అయితే చూసేవాళ్ళూ తక్కువ. దారిలో అలవాటు కొద్దీ నా ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆవిడ వినడం లేదు. సరుగుడు చెట్ల దగ్గర దిగేసరికి హోరు వినిపించింది. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. గాజులు చర్మంలోకి దిగిపోయాయి.

"ఎల్లిపోదుము వదినగారూ. ఏటైనా అయితే పిల్లకి నానేటి సెప్పాలి?" అన్నాను. భయం వేస్తే నా నోట్లోంచి మా ఊరే వస్తుంది.

ఆవిడ చెయ్యి వదిలేసి సముద్రం వైపు నడిచింది. నేరుగా. అంత భయంలోనూ నా నోరు ఊరుకోలేదు. "సెప్పులు! సెప్పులిప్పీండి వదినగారూ!"

ఆవిడ వెనక్కి తిరిగింది. "అది మా ఇంటికి కాళ్ళు కడుక్కునే వచ్చిందా?" అంది.

చెప్పులతోనే దిగింది. గంగమ్మ తల్లి దగ్గర అదెంత తప్పో నాకు తెలుసు కాబట్టి, ఆవిడ తరఫున నేను లెంపలేసుకున్నాను. ఆవిడ పిక్కలదాకా నీళ్ళలో నిలబడి, చెయ్యి ఊపుతూ, గట్టు తగాదాకి వచ్చినట్టు తిట్టడం మొదలుపెట్టింది. గాలికి మాటలు అందలేదు. మధ్యలో "నాన్నా" అన్నది మాత్రం విన్నాను. నాకు ఏడుపు ఆగలేదు. ఇంతలో ఒక అల వచ్చి కుడికాలి చెప్పు లాక్కుపోయింది. ఆవిడ అది పోయినవైపే చూసింది. తర్వాత వంగి, రెండోది చేతిలోకి తీసుకుని, బలమంతా పెట్టి సముద్రం మొహాన కొట్టింది.

"అబ్బ, ఏం ఇసిరారండీ!" అన్నాడు మా ఆయన. తన చెప్పులు విప్పి ఆవిడ ముందు పెట్టి, ఆటోదాకా సరుగుడు కాయలు గుచ్చుకునే ఇసకలో గెంతుకుంటూ వచ్చాడు.

సాయంత్రం కోడలు బస్సు దిగి వచ్చేసరికి వాళ్ళమ్మ మా ఆయన పడవల్లాంటి చెప్పుల్లో రైలుకి తయారై కూర్చుంది. నేను వంటింట్లో, ఖాళీ గిన్నెలో గరిటె తిప్పుతున్నాను.

"నీ చెప్పులేవమ్మా?"

"సముద్రం దగ్గరికెళ్ళాను."

కోడలు నావైపు చూసింది. గరిటె ఆగిపోయింది.

"ఏమైందమ్మా?" అంది.

"ఏం కాలేదే" అంది ఆవిడ, కూతుర్ని దగ్గరికి లాక్కుని. "ఈసారి చెప్పులతో సరిపెట్టుకుంది."